వినిపించే పుస్తకాలు

కుట్టుమిషన్ పొద్దుటినుంచి ఆగలేదు. సూది కింద మాత్రం గుడ్డ లేదు. అత్తగారు ఉత్త మిషన్‌నే తొక్కుతోంది.

హోటల్ వాళ్ళకి ఇవ్వాల్సిన కర్టెన్లు కత్తిరించినవి కత్తిరించినట్టే కుర్చీ మీద పడున్నాయి. ఆ వట్టి చప్పుడు ఇంట్లో ప్రతి గదిలోకీ వినపడుతోంది. ఆపమనే ధైర్యం ఎవరికీ లేదు.

కోడలు టీ కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. తీసుకెళ్తే ఒక మాట, తీసుకెళ్ళకపోతే ఇంకో మాట. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"అక్కడ పెట్టు" అంది అత్తగారు తలెత్తకుండా.

పెట్టింది.

"కాస్త దూరంగా పెట్టు. ఎవరి కాలికైనా తగిలితే ఒలికిపోతుంది. ఈ ఇంట్లో ఎవరికి ఏది కనపడుతుందో, ఏది కనపడదో నాకేం తెలుసు? చెప్పేవాళ్ళు లేరుగా."

ఆమె కప్పు జరిపింది.

నిన్న సాయంత్రం ఆడపడుచు కాలేజీలో చివరి మెట్టు కనపడక పడిపోయింది. నుదుటికి కుట్లు వేయించడానికి అత్తగారూ ఆవిడ కొడుకూ ఆస్పత్రికి తీసుకెళ్తే, అక్కడ కంటి డాక్టరమ్మ ఎదురుపడింది. ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే కదా అనుకుని మాట్లాడేసింది. పిల్లకి చూపు అంచులనుంచి లోపలికి కుంచించుకుపోతోందనీ, దానికి ఇంకా మందు లేదనీ, వానలు మొదలైన రోజుల్లోనే ఆ సంగతి పిల్లకి చెప్పాననీ. పైగా ఒక మెచ్చుకోలు కూడా కలిపింది.

"మీ కోడలుగారు చాలా సాయం చేస్తున్నారటగా. లైబ్రరీలో పాఠాలు చదివి రికార్డు చేసి పెడుతున్నారట. మీ అమ్మాయే చెప్పింది."

ఆ మెచ్చుకోలే కొంప ముంచింది.

మిషన్ ఆగింది. ఆగాక తెలిసింది, ఆ చప్పుడే నయమని.

"ఒక్క మాట అడుగుతాను, చెప్పు" అంది అత్తగారు. "సూదిలో దారం ఎక్కించమని దాన్ని రోజూ పిలిచేదాన్ని. అది విననట్టు నటించేది. బద్ధకం అన్నాను. నాలుగు ముక్కలు చదివేసరికి కళ్ళు నెత్తికెక్కాయన్నాను." ఆవిడ వట్టి సూది వైపు చూసింది. "కళ్ళు నెత్తికెక్కాయని నేను దాన్ని అన్నప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు. అవునా, కాదా?"

"ఉన్నాను."

"ఉండి?"

ఉండి, ఆడపడుచు బదులు తనే దారం ఎక్కించి ఇచ్చింది. ఒకసారి కాదు, పిలిచిన ప్రతిసారీ. ఆ సంగతి ఇప్పుడు గుర్తుచేస్తే చేసిన మేలు కూడా నేరంలో కలిసిపోతుంది.

"నేను తిడుతుంటే వింటూ నిలబడ్డావు. నువ్వు ఒక్క సైగ చేస్తే చాలు, నా నోరు పడిపోయేది. ఇంటి గుట్టు వీధిలో పెట్టే కోడళ్ళని చూశాను గానీ, ఇంట్లోవాళ్ళ దగ్గరే ఇంటి గుట్టు దాచే కోడల్ని ఇప్పుడే చూస్తున్నా."

"తను చెప్పొద్దంది అత్తయ్యా."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న భర్త ఆగిపోయాడు. మందుల షాపు తాళాలు అతని చేతిలో ఉన్నాయి.

"ఎవరు చెప్పొద్దంది?" అంది అత్తగారు.

"తనే."

"పిలు దాన్ని."

పిలవాల్సిన పని లేకపోయింది. లోపలి గది తలుపు అంచు పట్టుకుని పిచ్చుక నిలబడి ఉంది. ఆడపడుచుని ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. చిన్నప్పుడు నోరు మూత పడేది కాదట. ఇప్పుడు నుదుటి మీద తెల్లటి కట్టుతో, పెదవులు బిగించి, ఆ పేరు ఎవరిదో అన్నట్టు ఉంది.

"వదినతో నువ్వు చెప్పొద్దన్నావా?" అని అడిగింది తల్లి.

పక్కింట్లో ఎవరో కుళాయి కింద బకెట్టు పెట్టారు.

ఎదురుగా ఉన్న మనిషి పిచ్చుకకి ఇంకా కనపడుతుంది. పక్కలే మాయమయ్యాయి. ఆ మిగిలిన చూపుతో ఆ పిల్ల వదిన మొహంలోకి సూటిగా చూసింది.

"నేనలా అనలేదమ్మా" అంది. "వదిన నీకు ఎప్పుడో చెప్పే ఉంటుందనుకున్నాను."

తలుపు మళ్ళీ మూసుకుంది.

అత్తగారు కర్టెను గుడ్డ ఒకటి లాగి సూది కింద పెట్టుకుంది. ఇక నీతో నాకు పని లేదు అని నోటితో చెప్పడం కంటే ఆ పని గట్టిగా వినపడింది.

ఆమె భర్త వైపు చూసింది.

"ఎవరేమన్నా సరే, నాకైనా చెప్పాలి కదా" అన్నాడతను. "ఒకే గదిలో పడుకుంటాం. ఇలాంటివి దాచుకుని బతికేదాన్ని కాపురం అంటారా?"

వెళ్ళిపోయాడు. టీ చల్లారిపోయింది. దాన్ని ఎవరు తాగుతారో, ఎవరు పారబోస్తారో తేలక అక్కడే ఉండిపోయింది.

*

పిచ్చుక చదివే కాలేజీలోనే, ఆమె పనిచేసే లైబ్రరీ హాల్లో బల్లలు ఖాళీగా ఉన్నాయి. ఉన్న ఇద్దరు ముగ్గురు కూడా ఫోన్లు ఛార్జింగ్‌కి పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళు. అలాగని లైబ్రరీకి జనం తగ్గారని కాదు. అందరూ కంప్యూటర్ తెర వెనకనుంచి వస్తున్నారు. పాత ప్రశ్నపత్రాలు, ఇంటినుంచే తెరుచుకునే పుస్తకాలు, పాస్‌వర్డ్ కొడితే చదువుకోగలిగిన పత్రికలు, సందేహం టైపు చేస్తే జవాబిచ్చే చిన్న చాట్ కిటికీ. అవన్నీ చూసేది ఆమె. రోజంతా వందల మందికి దారి చూపిస్తుంది. ఒక్కరి మొహమూ చూడదు.

వారానికోసారి పిల్లలందరికీ ఒక మెయిల్ రాస్తుంది. "ఈ వారం మీకు పనికొచ్చేవి" అని. కొత్తగా ఏ పుస్తకాలు తెరిచారు, ఉచితంగా నేర్చుకునే కోర్సులు ఎక్కడున్నాయి, వ్యాసం కింద ఆధారాలు ఎలా చూపించాలి. దానికి తిరిగి జవాబు రాసినవాళ్ళు లేరు.

ఆ మెయిల్ ఇవాళ రెండు వాక్యాల దగ్గర ఆగిపోయింది.

"మెయిల్ ఇంకా వెళ్ళలేదేం?" అన్నాడు చీఫ్ లైబ్రేరియన్ అటుగా పోతూ. మెత్తటి మనిషి, రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్నాడు. "అది చదివేది నేనొక్కణ్ణే అని నాకు అనుమానం. ఒక్క వారం రాకపోతే తోచదు."

"పంపించేస్తానండీ."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

ఆయన నమ్మలేదు. నమ్మినట్టు తలూపి వెళ్ళిపోయాడు. ఆమెకి అదీ ఒకందుకు నయమే అనిపించింది. ఇంకో మాట అడిగి ఉంటే అక్కడే ఏడ్చేసేది.

హాలు చివర పాత సామాన్ల గది ఉంది. దాన్నే రికార్డింగ్ గది చేశారు. చప్పుడు ప్రతిధ్వనించకుండా గోడలకి బరువైన పరదాలు వేలాడదీశారు. అవి అత్తగారు కుట్టి ఇచ్చినవే. కాలేజీకి కావాలంటే ఎందుకని కూడా అడగలేదు ఆవిడ, మిగిలిన గుడ్డతో ఇంకోటి కుట్టి ఇచ్చింది.

అచ్చు చదవలేని పిల్లల కోసం ఆమె అక్కడ కూర్చుని పాఠాలు చదువుతుంది. చదవడమంటే మాటలు గడగడా అప్పజెప్పడం కాదు. పేజీ మారితే చెప్పాలి. బొమ్మ వస్తే వర్ణించాలి. భూగోళం పాఠాల్లో అదే కష్టం. మ్యాపులో నది ఎటు మొదలై ఎటు తిరిగిందో, కొండలు ఏ పక్కనుంచి అడ్డం పడ్డాయో, వినేవాళ్ళ వేలు కాగితం మీద నడుస్తున్నంత నిదానంగా చెప్పాలి.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం పిచ్చుక ఆ గది గుమ్మంలో ప్రత్యక్షమైంది. చేతిలో డాక్టర్ కాగితం ఉంది.

"ఇక్కడ నువ్వు మా వదినవా, లైబ్రరీ మేడమ్‌వా?" అని అడిగింది.

"నీకెవరు కావాలి?"

"మేడమ్."

"అయితే మేడమ్‌నే. కూర్చో."

"మేడమ్ అయితే ఇక్కడికి ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో బయట చెప్పకూడదు. మీ వెబ్‌సైట్లోనే రాసి ఉంది. అక్షరాలు పెద్దవి చేసుకుని మరీ చదివాను." అని, ఏడుస్తుందేమో అనుకునేలోగా నవ్వింది. "అమ్మకి నేనే చెబుతాను. కొంచెం టైమివ్వు."

ఆ కొంచెం టైము సాగి సాగి నిన్నటి మెట్ల దాకా వచ్చింది.

ఎన్నోసార్లు అడిగింది. "చెప్పావా?" అంటే "ఈ వారం" అనేది పిచ్చుక. పట్టుబడితే "నా చూపు నీది కాదు వదినా" అనేది.

తెర మీద చిన్న కిటికీ తెరుచుకుంది. సందేహం అడగడానికి పేరు చెప్పనక్కర్లేదు.

"ఆడియో పాఠాల్లో వేరే గొంతు దొరుకుతుందా?"

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తర్వాత రోజూ రాసే తీరులోనే రాసింది.

"ప్రస్తుతం చదివేది ఒక్కరే. కంప్యూటర్ గొంతు పెట్టుకోవచ్చు. అయితే అది మ్యాపులు వివరించదు."

"ఇప్పుడున్న గొంతుతో ఏమైనా ఇబ్బందిగా ఉందా?" అని రాసింది. అది లైబ్రరీ ఎవరినైనా అడిగే ప్రశ్నే. అయినా పంపడానికి ఆమెకి వేలు రాలేదు. చివరికి పంపింది.

"గొంతు బాగుంది. అదే ఇబ్బంది. పాఠం పెడితే పొద్దున నేనన్న మాట గుర్తొస్తోంది."

ఎందుకలా అన్నావు పిచ్చుకా అని టైపు చేసింది. చెరిపేసింది. ఇక్కడ ఆమె వదిన కాదు. ఆ గీత గీసింది ఆ పిల్లే అయినా, ఒప్పుకున్నది తను.

"మీకు ఇంకేమైనా సాయం కావాలా?" అని రాసింది.

ఈసారి జవాబు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ పిల్ల ఫోన్ని నోటి దగ్గర పెట్టుకుని గుసగుసగా చెబుతుంటే అది అక్షరాలుగా మారుతోందని ఆమెకి తెలుసు.

"అమ్మకి నా మీద కోపమొస్తే నేను ఉండలేను."

"ఏమీ కనపడని రోజు వస్తే నా చెయ్యి పట్టుకోవాల్సింది అమ్మే కదా."

"నీకైతే అలవాటే కదా వదినా."

వదినా అన్న మాట ఆ కిటికీలోకి రావడం అదే మొదటిసారి.

ఆమె తెరకేసి చూస్తూ కూర్చుంది. అలవాటే. కూరలో ఉప్పెక్కువైనా, కరెంటు పోయినా, షాపులో బేరం లేకపోయినా, ఆ ఇంట్లో కోపం దారి వెతుక్కుంటూ చివరికి తన దగ్గరికే వస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకునే కోడళ్ళుంటారంటారు. ఆ ఇంట్లో దుత్త తనే. ఎవరూ కావాలని చేసింది కాదు. పల్లానికి నీళ్ళు వచ్చినట్టు వచ్చేది. తను పల్లంలో ఉన్నానని పిచ్చుక ఇంత స్పష్టంగా చూసిందా అని ఆమెకి ఆశ్చర్యం వేసింది. అంచులు కనపడని పిల్ల, నట్టనడుమ ఉన్నదాన్ని చూడనే చూసింది.

జవాబు ఏమీ రాయకపోయేసరికి కిటికీ దానంతటదే మూసుకుంది. ఎప్పటిలాగే చివర ఒక ప్రశ్న వచ్చింది. ఈ సేవ మీకు ఉపయోగపడిందా?

పిచ్చుక అయిదు నక్షత్రాలు ఇచ్చింది.

*

సాయంత్రం ఆమె ఇంటి వైపు వెళ్ళలేదు. బస్సు స్టాపు దాటి, మలుపు తిరిగి, భర్త మందుల షాపుకి నడిచింది. పుట్టింట్లో తన మాట వినేది ఒక్క అమ్మే. ఆవిడ పోయి చాలాకాలమైంది. లైబ్రరీలో క్యాటలాగ్ పని చేసే ఆవిడ ఒక్కతే ఉంటుంది, ఎప్పుడైనా రా అని చాలాసార్లు అంది. ఆవిడకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేసింది కూడా.

షాపులో ఎవరూ లేరు. వీధి దీపాలు ఇంకా వెలగలేదు. భర్త కౌంటరు వెనక దీపం కిందకి వంగి ఏదో చూసుకుంటున్నాడు.

"నేను ఈ పూట ఇంటికి రావడం లేదు" అంది. "మా ఆఫీసావిడ గదిలో ఉంటాను. కొన్నాళ్ళు."

విన్నాడో లేదో తెలియలేదు. మాత్రల అట్ట ఒకటి ఆమె ముందుకి తోశాడు.

"దీని మీద తారీఖు ఏముంది?"

"నేనేం చెబుతున్నాను, మీరేం అడుగుతున్నారు?"

"ముందు చదువు."

అట్ట అంచున అక్షరాలు రంగు లేకుండా నొక్కి ఉన్నాయి. వెలుగుకి వంచి చదివింది. పోయిన నెలతోనే గడువు అయిపోయింది.

"పొద్దున ఒకావిడకి ఇందులోంచే ఇచ్చాను" అన్నాడు. "నయం, ఇంటికెళ్ళి చూసుకుంది. వెనక్కి తెచ్చి మొహాన కొట్టినంత పని చేసింది. పసిపిల్లకి వేసేదాన్ని అంది."

"చూసుకోలేదా?"

"చూశాను." అతను అట్టని వెనక్కి లాక్కున్నాడు. "చూసే ఇచ్చాను."

ఆమె చేతిసంచి కౌంటరు మీద పెట్టింది. అతని మాటల్లో తనని కోప్పడే స్వరం లేదు. అది లేకపోతే ఆ గొంతు ఎవరిదో అనిపించింది.

"మీ లైబ్రరీలో ఆ చదివి వినిపించేది ఉంది చూడు" అన్నాడు. "అది కాలేజీ పిల్లలకేనా? బయటివాళ్ళకి ఇవ్వరా?"

"ఇస్తారు. డాక్టర్ కాగితం ఉంటే ఎవరైనా చేరొచ్చు." నోటికి అలవాటైన జవాబు అది. నోరు దాటిపోయాకే ప్రశ్న చెవిన పడింది.

"ఎవరికి?" అంది.

అతను షాపు బయటికి చూశాడు. "నిన్న డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. ఒక తల్లి బిడ్డలకి ఇద్దరికీ రావచ్చట. మీ చూపెలా ఉందని అడిగితే నవ్వేసి వచ్చాను."

"ఎప్పటినుంచి?"

"చీకటి పడుతుంటే వీధి కనపడదు. బేరాలు లేవని చెప్పి పెందలాడే షాపు కట్టేస్తున్నాను. బండి అమ్మేసింది పెట్రోలు ఖర్చని కాదు." అతను గొంతు తగ్గించాడు. "అమ్మకి చెప్పకు."

ఆమెకి ముందు నవ్వొచ్చింది. అది నవ్వు కాదని గొంతులోనే తెలిసిపోయింది.

"పొద్దున మీరు నాతో ఏమన్నారు?"

"అన్నాను."

"ఏమన్నారు?"

"ఇప్పుడు అదంతా ఎందుకు?"

"ఒకే గదిలో పడుకుంటామన్నారు. దాచుకుని బతికేదాన్ని కాపురం అంటారా అన్నారు. అన్నప్పుడు మీ సంగతి మీకు తెలుసు."

"తెలుసు." అతని వేళ్ళు అట్టని నొక్కుతూ, వదులుతూ ఉన్నాయి. "తెలుసు కాబట్టే అంత గట్టిగా అన్నానేమో. నాకు తెలీదు. ఒక్కరోజులో ఇద్దరు పిల్లలకీ అని వింటే ఆవిడ తట్టుకోలేదు. నువ్వైతే..."

"నాకైతే అలవాటు" అంది ఆమె.

"నేను అలా అనలేదు."

"మీ చెల్లెలు అంది."

అతనికి ఏమీ అర్థం కాలేదు. విడమరిచి చెప్పే ఓపిక ఆమెకి లేదు. సంచి అందుకుంది. ఆ ఇంట్లో ఇద్దరు తనని నమ్మారు. ఇద్దరూ నమ్మింది తన మంచితనాన్నా, తనకి చెప్పుకునే దిక్కు లేకపోవడాన్నా అన్నది తేల్చుకోవాలంటే ముందు అక్కడినుంచి కదలాలి.

"చీటీ ఉంది బాబూ" అంటూ ఒక ముసలాయన మెట్టెక్కాడు.

భర్త చీటీ అందుకున్నాడు. దీపానికి దగ్గరగా పట్టుకున్నాడు, దూరంగా జరిపాడు. డాక్టర్ల రాత మామూలుగానే రాసినవాళ్ళకే తెలియాలి. ముసలాయన ఓపిగ్గా నిలబడ్డాడు. చీటీ పట్టుకున్న చెయ్యి మెల్లగా కౌంటరు మీదికి దిగింది. కాగితం ఆమె వైపు తిరిగింది. అతను ఆమెని చూడలేదు.

ఆమె సంచి కింద పెట్టింది.

మొదటి మందు పేరు చదివింది. అక్షరం అక్షరం విడదీసి, నిదానంగా, పరదాల గదిలో చదివినట్టే. అతను వెనక్కి తిరిగి అరలు తడిమి ఆ డబ్బా తీశాడు. రెండోది చదివింది. అదీ తీశాడు. ప్రతి అట్ట మీదా తారీఖు ఆమె చూసి కవర్లో వేసింది.

"కొత్తగా పెట్టుకున్నావా మనిషిని?" అన్నాడు ముసలాయన.

"మా ఆవిడ" అన్నాడు భర్త.

ముసలాయన వెళ్ళిపోయాడు. బయట దీపాలు వెలిగాయి. అప్పుడు ఆమె ఫోన్ మోగింది. అత్తగారు. పెళ్ళయినప్పటినుంచి ఆవిడ తనంతట తను కోడలికి ఫోన్ చేసిన గుర్తు లేదు.

"అమ్మాయ్" అంది అత్తగారు. పొద్దుటి గొంతు కాదు. మిషన్ చప్పుడు లేదు. "కంటి ఆస్పత్రి నుంచి ఫోన్ చేశారు. ఎల్లుండి పిల్లని తీసుకురమ్మన్నారు. అబ్బాయిని కూడా తప్పకుండా రమ్మన్నారు. వాడెందుకమ్మా?"

కౌంటరు అవతల భర్త తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆమె ఏ వైపు చూస్తోందో అతనికి కనపడుతోందో లేదో, ఊపుతూనే ఉన్నాడు.

"పొద్దున నిన్ను అనాల్సినవన్నీ అన్నాను. అవి నీ మనసులో ఉంటాయి, ఉండనీ" అంది అత్తగారు. "ఇది మాత్రం దాచకు. వాడికి కూడానా?"